కెంపి వంతు

చేతులు అంబికవి, పేరు హులిగేశ్‌ది. రూపనగుడిలో ఇది అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ మాట్లాడరు. మిరపకాయ కారంగా ఉందని ఎవరైనా పనిగట్టుకుని మాట్లాడతారా? ఇదీ అంతే.

ఇంటి వెనక షెడ్డు ఒకప్పుడు ఎద్దులది. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి. అంబిక మొగుడు హులిగేశ్ బళ్ళారిలో మూగజీవాల సంఘంలో చేరాడు. ఒక సాయంత్రం ట్రాలీలో రెండు కుంటి కుక్కల్ని తెచ్చి దించి, "షెడ్డు ఖాళీగానే ఉండాది గదా" అన్నాడు. షెడ్డుతో పాటు తననూ ఖాళీ కిందే జమకట్టేశాడని అంబికకు ఆ రోజు తట్టలేదు. తట్టేసరికి షెడ్డు నిండిపోయింది. కన్ను పోయినవి, కాలు పోయినవి, పిల్లలు పెట్టడం మానేశాయని వదిలేసినవి, ఇల్లు మారుతూ తాళం వేసినంత తేలికగా వదిలేసినవి. తెల్లారకముందే నూకలు ఉడకేయడం, పసుపు కలపడం, చల్లార్చడం, గిన్నెలు కడగడం, ఫినాయిలు చల్లి ఊడ్వడం ఆమె వంతు. బడుల్లో, సభల్లో మైకు పట్టుకోవడం అతని వంతు. "మా షెడ్డులోకి వచ్చిన ఏ జీవమూ మా చేతుల్లో చావలేదు" అని అతడు చెప్పే మాటకు జనం చప్పట్లు కొడతారు. శాలువా కప్పుతారు. ఇంటికి తెచ్చిన శాలువాలు మడిచి బీరువాలో పెట్టేది కూడా అంబికే. ఒకసారి ఒక శాలువా తీసి కుక్క కింద పరిచింది. ఆ పొద్దు అతడు అన్నం తినలేదు.

అత్త కొట్రమ్మ నెల విడిచి నెల వచ్చి ఉండి పోతుంది. ఇద్దరు కొడుకులూ ఆమెను వంతు పెట్టుకున్నారు. నెల రూపనగుడిలో చిన్నకొడుకు ఇంట్లో, నెల బళ్ళారిలో పెద్దకొడుకు మారెన్న ఇంట్లో. "ఈ నెల మా వంతు" అని హులిగేశ్ అందరికీ చెప్పుకుంటాడు. ఆ నెలంతా ముసలామెకు నీళ్ళు పోసేది, కాళ్ళు పట్టేది, మాత్రలు ఇచ్చేది ఎవరో చెప్పనక్కర్లేదు. "కుక్కల పుండ్లు కడిగేకి లేస్తాయి చేతులు, అత్తకు తలకి పోసేకి నడుము పట్టుకుంటాది" అని కొట్రమ్మ పక్కింటికి వినబడేలా అంటుంది. కూతురు గౌతమి హాస్టలు నుంచి వచ్చినప్పుడు ఈ మాటలు విని పళ్ళు కొరుకుతుంది. అంబిక నవ్వేసి ఊరుకునేది. నవ్వడం కూడా ఇంటిపనిలో ఒక భాగమే అనుకునేది.

ఇన్నాళ్ళూ అలా నడిచింది. కెంపి వచ్చాక నడవలేదు.

సండూరు దారిలో ఖనిజం లారీ కొట్టి పోయిన కుక్క అది. తెచ్చినప్పుడు ఒళ్ళంతా ఎర్రటి దుమ్ము. చూడగానే కెంపి అని పిలిచింది అంబిక. కడిగితే తెల్లటి కుక్క బయటపడింది, పేరు మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. నడుము విరిగింది. నడుము కింద దానికి ఏదీ తనది కాదు. మలం, మూత్రం పడుకున్నచోటే. గంటకోసారి పక్క మార్చకపోతే ఒరుసుకుపోయి పుండ్లు. మార్చినా పుండ్లే. చిన్న పట్టకారుతో పురుగులు తీస్తుంటే అది మూతి తెరిచి అరిచేది. అరుస్తూనే ఆమె మణికట్టు నాకేది. ఆ నాకడం అంబికకు భరించలేనిదైపోయింది. కరిచినా బాగుండేది. సంఘం పశువుల డాక్టరు నాగవేణి వచ్చి చూసి, లేచి చేతులు కడుక్కుంటూ, ఇది బాగయ్యేది కాదు, నొప్పి పెరిగేదే తప్ప తగ్గేది కాదు, సూదితో నిద్రపుచ్చడమే దీనికి మిగిలిన మందు, ఇలాంటిదానికి చట్టం కూడా ఒప్పుకుంటుంది అని చెప్పింది. హులిగేశ్ ఒప్పుకోలేదు. అంబిక అడిగితే అతని జవాబు ఇది.

"నువ్వే ఇట్లంటే ఎట్లమ్మే? ఆడదానివి. నీకు జాలి ఉండాల."

జాలి. ఆ మాట ఆమె గిన్నెలు తోముతూ తోముతూ చాలాసేపు తిప్పింది. అతని జాలి మైకులో ఉంటుంది, దానికి వాసన రాదు. తన జాలి గోళ్ళ సందున ఉంటుంది, సబ్బుకు పోదు. ఈ రెంటికీ ఒకటే పేరు ఎవరు పెట్టారో. "ఒక్కతూరి నువ్వు దాన్ని పొర్లించి సూడు" అంది ఆ రాత్రి అన్నం పెడుతూ. తనకు పనుందన్నాడు.

డాక్టరు పట్టుబట్టడంతో ఆదివారం మీటింగు పెట్టారు. బళ్ళారిలో సిద్దప్ప ఇంటి మేడ మీద. సిద్దప్ప రిటైరైన ఆఫీసరు, సంఘానికి అధ్యక్షుడు. శానామంది వస్తారనీ, సిద్దప్ప సార్ ఇంట్లో ఆమె ఒక్కతే చేసుకోలేదనీ, నువ్వూ వస్తే రవ్వ వేయించి ఉప్పిట్టు కలిపి ఇచ్చి పోదువనీ హులిగేశ్ అన్నాడు. అంబిక వెంటనే సరే అంది. ఆమె అంత జల్దీగా ఎందుకు ఒప్పుకుందో అతడు ఆలోచించలేదు. ఒప్పుకోవడం ఆమె అలవాటు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఒకే ఒక వాక్యం నెమరేసుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టు చేయండి. అంతే. మూడు ముక్కలు. వాటిని అనడానికి ఎంత ధైర్యం కావాలో లెక్క వేస్తుంటే గుండె డప్పులా మోగింది. భయమా అంటే భయం కాదు. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం ఎక్కి, అది కదలబోయే ముందు ఉండే గుబులు అది. కింద దుమ్ము, పైన ఆకాశం. పక్కన మొగుడు ఫోనులో ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. అతని భుజం తన భుజానికి తగులుతోంది. ఈ మనిషికి ఏమీ తెలియదు అనుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటిపనిలోది కాదు.

మేడ మీద హాలు నిండింది. అంబిక ఉప్పిట్టు ప్లేట్లు పంచుతూ వింది. పొద్దున్నే షెడ్డులో తాను ఒక్కతే తిప్పుకున్న ప్రశ్నను, కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనుషులు చేతులూపుతూ వాదించుకుంటున్నారు. ఒళ్ళు పులకరించింది ఆమెకు. ఇది చిన్న ప్రశ్న కాదన్నమాట. నాగవేణి నడుము ఎముక సంగతి చెప్పింది. కాలేజీలో పాఠం చెప్పే యల్లేష్ లేచి, ఈ రోజు నొప్పి అని ఒకదానికి సూది వేస్తే రేపు చోటు లేదని పదింటికి వేస్తారు, జంతువుల్ని కాపాడతామని పుట్టిన సంఘాలే బయట ఎన్నోచోట్ల అలా మారాయి, తలుపు ఒకసారి తెరిస్తే మూయలేం అన్నాడు. ఆ మాటలో నిజం ఉందని అంబికకు అనిపించింది. అనిపించిన మరుక్షణమే ఆ తలుపు తెరుచుకోనే తెరుచుకుంది. బట్టల అంగడి పక్కీరప్ప ఉప్పిట్టు మింగి, అదేదో మంచిదే గదా అన్నాడు. షెడ్డు నిండిపోయింది, ముసలివీ, కరిచేవీ, ఎవరూ పెంచుకోనివీ అన్నింటికీ ఒకేసారి ఏర్పాటు చేస్తే కొత్తవాటికి చోటు అవుతుంది, నలుగురూ వద్దన్న కుక్కల్ని పెట్టుకుని ఏం సాధిస్తాం అన్నాడు. అంబిక ప్లేట్లు పంచడం ఆపేసింది. షెడ్డులో ఒక్కొక్క మూతీ కళ్ళముందు కదిలింది.

అప్పుడు హులిగేశ్ లేచాడు. ప్రాణం పోసేవాడు పైవాడు, తీసేవాడూ వాడే, మన సంఘం పుట్టిందే చంపకుండా ఉండేదానికి అన్నాడు. బాగా మాట్లాడాడు. గొంతు ఎక్కడ దించాలో ఎక్కడ ఎత్తాలో అతనికి తెలుసు. కెంపి కళ్ళలో బతకాలనే ఆశ కనిపిస్తోంది అన్నాడు. ఎప్పుడు చూశావు అని అంబిక లోపల అడిగింది. చప్పట్లు మోగాయి.

కెంపిని చంపకూడదు అనేవాళ్ళు చేతులెత్తమన్నాడు సిద్దప్ప. హాలంతా చేతులు లేచాయి. గడియారాల చేతులు, ఉంగరాల చేతులు. పక్కీరప్ప కూడా నలుగురి వెంట ఎత్తేశాడు. నాగవేణి ఎత్తలేదు. అంబిక రెండు చేతుల్లోనూ ట్రే ఉంది. లేచిన ఆ చేతుల వంక చూస్తూ నిలబడిపోయింది. ఎంత శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళు ఎంత తెల్లగా ఉన్నాయి. బస్సులో నెమరేసిన వాక్యం ఎక్కడికో పోయింది. ట్రే కిందపెట్టింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"చేతులు దించద్దండి సార్. రవ్వంతసేపు అట్లే ఉండండి."

అందరూ తిరిగి చూశారు. హులిగేశ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి.  ఆ గొంతు తనదేనా అని అంబికకే ఆశ్చర్యం వేసింది.

"కెంపి బతకాల అన్నారు. మంచి మాట. మా అత్తను మా ఆయనా, మా బావా వంతు పెట్టుకొని సాకుతాండారు. నెల ఈడ, నెల ఆడ. పెద్ద పానాన్ని అట్ల సాకుతాండాము గదా, కెంపిని గూడా అట్లే సాకుదాము. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో వారం. ఎవురి చెయ్యి లేసిందో వాళ్ళది వంతు."

వంతు అంటే కాదనడం అక్కడ కష్టం. కాలువ నీళ్ళ దగ్గర నుంచి కన్నతల్లి దాకా అందరి ఇళ్ళల్లోనూ వంతే నడుస్తుంది. వంతు తప్పినవాడికి మాట ఉండదు. హాలు గుసగుసలాడింది. ముందు వరసలో ఒక చెయ్యి మెల్లగా దిగి మోకాలి మీద వాలింది. తర్వాత ఇంకొకటి. ఒకరి ఇంట్లో ఆవిడకు కుక్క వాసన పడదట. ఒకరిది అద్దె ఇల్లట. యల్లేష్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, తనకైతే అభ్యంతరం లేదు, ఇంట్లో ఒకమాట అడగాలి అన్నాడు. అవునవును, ఇంట్లో అడగాల అన్నారు ఇంకొందరు. సిద్దప్ప కూడా వంటింటి వైపు ఒకసారి చూసి, అడగాలమ్మా అన్నాడు.

"మా ఇంట్లో ఎవురడిగినారు సార్?"

ఆమె అరవలేదు. మామూలుగానే అడిగింది. వంటింటి తలుపు దగ్గర సిద్దప్ప భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో మరి దేనికో.  హులిగేశ్ మొహం కందిపోయింది. నలుగురిలో పరువు పోతుంటే మగవాడికి తెలిసిన దారి ఒకటే, పెద్ద మాట అనేయడం.

"ఏంది ఇంతమంది ఇంత యోచన చేస్తాండారు? మొదటి వంతు నాదే. అది మా షెడ్డులోనే ఉండాది గదా."

హమ్మయ్య అని హాలు ఊపిరి పీల్చుకుంది. ఎవరో భేష్ అన్నారు. పక్కీరప్ప రెండో ప్లేటు అడిగాడు. వంతు తనదని హులిగేశ్ చెప్పడంలో మోసం లేదు. తల్లి వంతు తనదని ఎలా అనుకుంటాడో ఇదీ అలాగే అనుకున్నాడు. తన వంతంటే అంబిక చేతులని అతనికి ఎంత సహజంగా తెలుసంటే, తెలుసన్న సంగతే తెలియదు. అంబికకు అది అక్కడ నిలబడ్డచోటే, ట్రే మీద నీళ్ళ గ్లాసంత తేటగా కనిపించింది.  రంగులరాట్నం కదిలింది.

"సరే సార్, వంతు ఆయనది. నేను రేపు పొద్దున బస్సుకు దేశనూరుకు మా అక్క ఇంటికి పోతాండా. వారం ఉండి వస్తా."

మెట్లు దిగుతూ అంబిక నాగవేణి చెయ్యి పట్టుకుంది. ఆయన ఎప్పుడు పిలిచినా రా తల్లీ, సంఘం ఒప్పుకుందా లేదా అని ఆలస్యం చేయద్దు అని చెప్పింది. నాగవేణి ఆ సాయంత్రమే వచ్చి కెంపికి నొప్పి తగ్గే మందు గట్టిది ఇచ్చి, రోజూ పొద్దున వచ్చి ఇస్తానని చెప్పి వెళ్ళింది.  డాక్టరు వెళ్ళాక హులిగేశ్, నలుగురిలో నా మానం తీసినావు అన్నాడు. ఎవరు నేర్పినారు ఈ మాటలు నీకు అన్నాడు. కెంపి నేర్పింది అందామనుకుని, అనవసరమని ఊరుకుంది. అతన్ని షెడ్డులోకి పిలిచి, నడుము కింద చెయ్యి ఎలా పెట్టాలో, ఏ పక్కకు తిప్పాలో, పుండు ఎలా కడగాలో ఒకసారి చేసి చూపించింది. అతడు ఫోను చూస్తూ ఊ కొట్టాడు. రేపటికి ఈమె పోదులే అని అతని ఊకొట్టడంలోనే ఉంది.

తెల్లారి బ్యాగు తీసుకుని ఆమె బయటికొస్తే, నిజంగానే పోతాండావా అన్నాడు. షెడ్డులోంచి కెంపి చెవులు నిక్కబొడుచుకుని చూస్తోంది. ఆ చూపు దాటడానికే ఆమెకు సత్తువంతా ఖర్చయింది. బస్సు కదిలి, మిరప చేలు వెనక్కి పోవడం మొదలయ్యాక ఏడుపు వచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే కండక్టరు చిల్లర ఇస్తూ వింతగా చూశాడు. పెళ్ళయ్యాక పండగకో చావుకో తప్ప ఆమె ఒక్కతే బస్సు ఎక్కింది లేదు. ఈ రోజు పండగ లేదు, చావు లేదు. ఊరికే పోతోంది. ఊరికే పోవడం అనేది ఇంత తేలికగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

దేశనూరులో అక్క దురుగమ్మ వాళ్ళకు వరి నాట్లు జరుగుతున్నాయి. బురదలో మోకాళ్ళదాకా దిగి, ఆడవాళ్ళ వరసలో తానూ వంగింది. మధ్యాహ్నం అక్క పెట్టిన సంగటి తిని, గోడ నీడలో చాప మీద పడుకుంటే పొద్దు వాలేదాకా మెలకువ రాలేదు. లేచి చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఫినాయిలు వాసన లేదు, బురద వాసన. మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంది. "ఏందే, చేతులేమన్నా అత్తరు పూసుకున్నాయా?" అంది దురుగమ్మ.

ఫోన్లు మొదలయ్యాయి. నూకలు యాడ పెట్టినావు అన్నాడు. చెప్పింది. పాత గుడ్డలు యాడుండాయి అన్నాడు. చెప్పింది. అది తిననంటాంది అన్నాడు. చేత్తో నోట్లో పెట్టమంది. తిప్పితే అరుస్తాంది, ఎట్ల తిప్పాల అన్నాడు. చూపించాను గదా అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక సంతోషం వేసింది, దాని అడుగున ఇంకొకటి కూడా ఉంది. తర్వాతి ఫోను బళ్ళారి నుంచి, అత్తది. మొగుణ్ణి కుక్కల పాలు చేసి పోయిన ఆడది యాడన్నా ఉంటాదా అంది కొట్రమ్మ. ఉంటాదత్తా, దేశనూరులో ఉండాది అంది అంబిక.  పెళ్ళైన ఇన్నేళ్ళలో కోడలు ఎదురు చెప్పడం అదే మొదలు.

రెండో నాటికి సంతోషం అడుగున ఉన్నది పైకి తేలింది. నాటు వేస్తుంటే బురదలోంచి కెంపి మూతి లేచి చూసినట్టయ్యేది. మొగుడికి బుద్ధి రావాలని తాను పందెం కాసింది. కాసింది తన సొమ్ము కాదు, కెంపి నొప్పి. అది సంఘంలో చెయ్యెత్తలేదు. దాన్ని ఎవరూ అడగలేదు, తనతో సహా. ఈ తప్పు ఆమె ఎవరి మీదకీ నెట్టలేదు. డాక్టరు మందు ఇస్తోంది కదా అని సర్దిచెప్పుకోబోయి, ఆ సర్దుబాటు హులిగేశ్ గొంతులా వినిపించి మానేసింది. మూడోనాడు పొద్దున ఫోను మోగితే ఎత్తింది. అతడు మాట్లాడలేదు. వెనక కెంపి అరుస్తోంది. హలో అంది. అతని ఊపిరి వినిపించింది, తర్వాత ఫోను ఆగిపోయింది.

నారుకట్ట గట్టు మీద పెట్టేసి కాళ్ళైనా సరిగా కడుక్కోకుండా బయల్దేరింది. "పో. కానీ చెయ్యి మాత్రం పెట్టద్దు. పెట్టినావంటే ఇంక జన్మకు తీయలేవు" అని దురుగమ్మ వెనక నుంచి అంది. రెండు బస్సులు మారింది. బస్సు ఆగిన ప్రతిచోటా ఆమెకు డ్రైవరు మీద పట్టరాని కోపం వచ్చింది. సీటు అంచున కూర్చుని ముందుకు వంగి, తానే బస్సును తోస్తున్నట్టు ప్రయాణం చేసింది. గుండె మళ్ళీ డప్పే. ఈసారి మాత్రం అది ఏ జాతరదో తెలియలేదు.

ఊరి మలుపులో దిగేసరికి నాగవేణి స్కూటరు ఎదురొచ్చింది. ఆపింది. హెల్మెట్ తీయకుండానే చెప్పింది. పొద్దున హులిగేశే ఫోను చేశాడట. సంఘం ఒప్పుకుందా అని తాను అడిగిందట.

"సంఘం ఈడ లేదు డాక్టరమ్మా, నేనుండా. రా" అన్నాడట.

పట్టుకున్నది ఎవరని అంబిక అడిగింది. ఆయనే అంది నాగవేణి. తాను సూది వేసి బ్యాగు సర్దుకున్నాక కూడా ఇంకా అలాగే పట్టుకునే ఉన్నాడని, వదలమని చెప్పాల్సి వచ్చిందని అంది. మట్టి కప్పేదాకా ఉండి వస్తున్నానంది, అంతకుమించి చెప్పలేదు.

అంబిక పరుగెత్తింది. చీర కుచ్చిళ్ళు చేత పట్టుకుని, ఊళ్ళో వాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా పరుగెత్తింది. మిరప చేను గట్టు కింద మట్టి కొత్తగా తవ్వి ఉంది. షెడ్డులో హులిగేశ్ బండ కడుగుతున్నాడు. చొక్కా మీద మరకలు, గడ్డం మాసింది, కళ్ళు ఉబ్బాయి. మిగిలిన కుక్కలు మూలల్లో ఒదిగి చడీచప్పుడు లేకుండా అతన్నే చూస్తున్నాయి. అతడు తలెత్తలేదు. చీపురు పట్టుకోవడం రాక, నీళ్ళన్నీ తన కాళ్ళ మీదికే తోసుకుంటున్నాడు. అలవాటు చొప్పున అంబిక చెయ్యి చీపురు కోసం ముందుకు వెళ్ళింది. సగం దారిలో దాన్ని చూసుకుంది. వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి వచ్చిన దూరం జానెడే. ఆ జానెడు నడవడానికి ఆమెకు పెళ్ళినాటి నుంచి ఈ నాటి దాకా పట్టింది. గడప మీద కూర్చుని, అతడు బండంతా కడిగేదాకా చూసింది. ఏడుపు కెంపి కోసం వచ్చింది. అతని కోసం రాలేదు.

ఆ ఆదివారం మళ్ళీ మీటింగు. ఈసారి ఉప్పిట్టు కలపడానికి రమ్మని ఎవరూ పిలవలేదు. అంబిక తనంతట తానే వచ్చి రెండో వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ చల్లగా, గట్టిగా ఉంది. ఎంత హాయిగా ఉందో. కెంపి దానంతటదే పోయిందని చెప్పుకుందాం, సంఘానికి ఒక పేరుంది గదా అని సిద్దప్ప మెల్లగా సర్దబోయాడు. హులిగేశ్ లేచాడు. మైకు ముట్టలేదు.

"అట్ల చెప్పద్దు సార్. సూది నేనే ఏయించినా. నేనే పట్టుకున్నా." అని కూర్చున్నాడు.

ఇదే అదనని పక్కీరప్ప, ఎట్లాగూ తలుపు తెరిచినాము గదా, ముసలివీ అందరూ వద్దన్నవీ కూడా ఈ నెల్లోనే చూసేద్దాం అన్నాడు. యల్లేష్ తాను ముందే చెప్పానన్నట్టు తలాడించాడు. అంబిక లేచింది. 

"వాటికి నొప్పి లేదు పక్కీరప్పా. ఎవురికీ అక్కర లేకపోయేది రోగం గాదు. దానికి సూది ఏసేదైతే ఈ ఊర్లో సగం మంది ఆడోళ్ళకు, ముసలోళ్ళకు ఏయాల్సొస్తాది. అవి బతకాల అని నేను చెయ్యెత్తుతాండా, నా వంతు నేను చేస్తా. నాతో ఎత్తేటోళ్ళు ఇంట్లో అడగద్దండి, మీ చేతులతో చేసేదుంటే ఎత్తండి. ఇంక మీద ఏ కుక్కనైనా మా షెడ్డుకు తెచ్చే ముందర నన్ను అడగాల. నేను వద్దంటే వద్దే."

నాగవేణి చెయ్యి లేచింది. వంటింటి తలుపు దగ్గర నుంచి సిద్దప్ప భార్య, సంఘంలో లేని మనిషి, ఎత్తింది. కాసేపటికి యల్లేష్ ఎత్తాడు, ఈసారి ఎవరినీ అడగలేదు. హులిగేశ్ చెయ్యి ఎత్తాడో లేదో అంబిక తిరిగి చూడలేదు.

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కిటికీ పక్క సీటు ఆమెదే. బయట చేలన్నీ ఎర్రబడి ఉన్నాయి. లోపల ఆమెకు ఒళ్ళంతా వెలుగుతున్నట్టుంది, అన్న ప్రతి మాటా మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. ఒక్క ప్రశ్న మాత్రం వదలడం లేదు. చివరికి కెంపి తన కోసం చూసిందా? తలుపు వైపు తిరిగిందా? అది తెలిసింది ఒక్క మనిషికే, ఆ మనిషి పక్కనే ఉన్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. నోరు ఇంకా తెరవలేదు.

"అడగద్దు" అన్నాడు హులిగేశ్, ముందు సీటు కమ్మీ మీద ఉన్న తన చేతుల్ని చూస్తూ. "నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. ఆ సంగతి నీకు గూడా చెప్పను. ఈ పొద్దూ చెప్పను, సచ్చేదాకా చెప్పను."